‘నీ చేతిలో దెబ్బ లేదురా’

నుమాయిష్‌లో ఆటల వైపు నడిస్తే ఎక్కడో ఓ మూల పంచింగ్ మెషిన్ కనిపిస్తుంది. వేలాడే తోలు బంతిని గుద్దితే అది చటుక్కున వెనక్కి లేస్తుంది, ఎర్ర అంకెలు గిరగిరా తిరిగి ఓ చోట ఆగుతాయి. మూడేళ్ల క్రితం నేనూ మా బావమరిదీ దాని ముందు నిలబడ్డాం. వాడు జీవితంలో గ్లోవ్స్ తొడిగినవాడు కాదు. నేను చిన్నప్పుడు విశాఖపట్నంలో కొన్నేళ్లు బాక్సింగ్ నేర్చుకున్నవాణ్ణి. నాకు 712 వచ్చింది. వాడు చొక్కా చేతులు మడిచి, ఒకడుగు వెనక్కి వేసి కొడితే 846.

“బావా, నువ్వు నేర్చుకున్నది బాక్సింగేనా, కూచిపూడా?” అన్నాడు. మా ఆవిడ నవ్వింది. లైన్లో నిలబడ్డ పరాయివాళ్లు కూడా నవ్వారు. ఆ రాత్రి మిర్చి బజ్జీల ఖర్చు నాదే.

సరదాకే అన్నాడు గానీ నాకు ఎక్కడో తగిలింది. నా పదహారో ఏట మా కోచ్ అన్న మాట గుర్తొచ్చింది. “కాళ్లు బాగున్నాయి, చూపు బాగుంది. కానీ నీ చేతిలో దెబ్బ లేదురా. అది పుట్టుకతో రావాలి.” తిట్టినట్టు అనలేదు. దర్జీ కొలతలు తీసి చెప్పినట్టు చెప్పాడు. అప్పట్నుంచి నన్ను పాయింట్ల బాక్సర్‌గా తయారుచేశాడు. ముట్టుకో, తప్పుకో, మళ్లీ ముట్టుకో. హెవీ బ్యాగ్ దగ్గర నా వంతు తగ్గింది. పంతొమ్మిదో ఏట ఆట మానేశాను. ఆ మాట వల్లే మానేశానని చెప్పడం అన్యాయం, ఇంటర్ మార్కులు కూడా ఉన్నాయి. అయినా ఆ మాట మాత్రం ఉద్యోగంలో చేరాక, పెళ్లయ్యాక కూడా నాతోనే ఉంది.

బాక్సింగ్ లోకంలో అది పాత మాటే. పంచర్లు, అంటే గట్టిగా గుద్దేవాళ్లు, పుడతారు, తయారు కారు అని అమెరికా జిమ్ముల్లో తరాలుగా చెప్పుకుంటున్నారు. పూర్తిగా అబద్ధమని నేననను. అందులో నిజం ఎంత ఉందో కింద ఒప్పుకుంటాను కూడా. కానీ ఆ మాటను ఎవరికి, ఎప్పుడు చెబుతున్నారన్న దగ్గరే నా తగాదా.

ముందు దెబ్బంటే ఏమిటో చూద్దాం. 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న పరిశోధన వచ్చింది. అప్పటి బ్రిటిష్ హెవీవెయిట్ ఫ్రాంక్ బ్రూనో చేత ఒక మెత్త కట్టిన లోలకాన్ని కొట్టించి కొలిచారు. అతని పిడికిలి సెకనులో పదో వంతులో 49 సెంటీమీటర్లు ప్రయాణించింది. తాకేటప్పటికి వేగం సెకనుకి 8.9 మీటర్లు, అంటే గంటకి 32 కిలోమీటర్లు. మన వీధుల్లో స్కూటీ పోయే వేగం, అంతే. తాకిన 14 మిల్లీసెకన్లలో బలం 0.4 టన్నుకి చేరింది. ఆరు కిలోల చెక్క సుత్తికి మెత్త చుట్టి అదే వేగంతో తల మీద కొడితే ఎలా ఉంటుందో అలా ఉంటుందని రాశారు.

నాకు ఆసక్తి కలిగించింది ఆ ఆరు కిలోలు. పిడికిలి, గ్లోవ్ కలిపి తూచినా కిలో దాటదు. మిగతా బరువు ఎక్కణ్ణుంచి వచ్చింది? వెనకనున్న ముంజేయి, భుజం, నడుము, తొడ నుంచి. దెబ్బ తగిలే ఆ క్షణంలో శరీరంలో ఎంత భాగం పిడికిలికి వెనక ‘అతుక్కుని’ ఉంటే దెబ్బ అంత బరువు. చెయ్యి వదులుగా ఉంటే పిడికిలి ఒక్కటే తగులుతుంది, ఈగని తోలినట్టు. మరి చెయ్యి మొదట్నుంచీ బిగపట్టి ఉంచితే? వేగం చచ్చిపోతుంది. దెబ్బ అసలు చిక్కు ఇదే. దారి పొడుగునా వదులుగా ఉండాలి, తాకే క్షణంలో రాయి అయిపోవాలి.

2010లో కెనడా శాస్త్రవేత్త స్టువర్ట్ మెక్‌గిల్, ఆయన బృందం మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఫైటర్ల కండరాలకి ఎలక్ట్రోడ్లు పెట్టి చూశారు. కండరం మొదట్లో ఒకసారి బిగుస్తుంది, కదలిక మొదలవుతుంది. మధ్యలో వదులవుతుంది, చెయ్యి దూసుకుపోతుంది. తాకేటప్పుడు రెండోసారి బిగుస్తుంది. రెండు శిఖరాలు, మధ్యలో ఒక లోయ.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. సంక్రాంతికి ముందు అరిసెల పిండి దంపేటప్పుడు, నేను రోకలి అందుకుంటే పది పోట్లకి భుజాలు పడిపోయేవి. “అంత గట్టిగా పట్టుకుంటావేంట్రా, అది ఎక్కడికీ పారిపోదు. వదిలెయ్, రోట్లో పడేటప్పుడు పట్టుకో” అనేది. డెబ్బై ఏళ్ల మనిషి, నలభై కిలోలుంటుందేమో, నాలుగు శేర్ల బియ్యం దంపి లేచి వంట మొదలుపెట్టేది. ఆమె చేతిలో దెబ్బ ఉందని ఎవరూ అనలేదు. అలవాటు అన్నారు.

క్రికెట్‌లో కూడా ఈ సంగతి మనకి కొత్త కాదు. లక్ష్మణ్ బ్యాట్ ఊపినట్టే ఉండదు, బంతి బౌండరీ దాటుతుంది. ‘ఎంత బలంరా’ అని ఎవరూ అనరు, ‘టైమింగ్’ అంటారు. రింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే వస్తువు చేతిలో పుట్టిన దెబ్బ అయిపోతుంది.

టైమింగ్ కూడా పుట్టుకే కదా అని మీరు అడగొచ్చు. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు 2012లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. పన్నెండు మంది కరాటే బ్లాక్‌బెల్టుల్ని, ఒంటికి వ్యాయామం ఉన్నా కరాటే రాని మరో పన్నెండు మందిని తీసుకుని, ఐదు సెంటీమీటర్ల దూరం నుంచి గుద్దమన్నారు. బ్లాక్‌బెల్టులు గట్టిగా కొట్టారు, అందులో వింతేమీ లేదు. వాళ్ల దెబ్బ బలం దేనితో ముడిపడి ఉందో అదే విశేషం: మణికట్టు, భుజం ఎంత బాగా ఒకే క్షణంలో తమ తమ గరిష్ఠ వేగానికి చేరుతున్నాయన్నదానితో. మెదడు స్కాన్లలో చిన్న మెదడు తెల్ల పదార్థంలో తేడా కనిపించింది. ఆ తేడా ఏ వయసులో నేర్చుకోవడం మొదలుపెట్టారన్నదాన్ని బట్టి మారింది. చిన్నప్పుడే మొదలుపెట్టడం అదృష్టం కావచ్చు, జీన్ మాత్రం కాదు.

ఇంకో లెక్క ఉంది, బాక్సింగ్ కోచ్‌లు గోడ మీద రాసి పెట్టుకోవాల్సింది. సోవియట్ పరిశోధకులు 120 మంది బాక్సర్ల కుడి స్ట్రెయిట్ పంచ్‌ని విడదీసి చూశారు, 1985లో అది ఇంగ్లీషులో కూడా అచ్చయింది. కింది స్థాయి బాక్సర్లలో దెబ్బకి కాళ్ల నుంచి వచ్చే వాటా 17 శాతం కూడా లేదు, చేతి వాటా 38 శాతం. మాస్టర్ స్థాయి వాళ్లలో తారుమారు: కాళ్ల నుంచి 38 శాతం, చేతి నుంచి 24. అంటే ‘చేతిలో దెబ్బ’ అన్న మాటే తప్పు. దెబ్బ ఉండాల్సింది మడమలో.

నా వాదనకి ఈ లెక్క భలే అనుకూలం కాబట్టే దాన్ని నేను అనుమానించాలి. కాళ్ల నుంచి కొట్టడం పుట్టుకతో తెలిసినవాళ్లే మాస్టర్ స్థాయికి మిగిలారేమో! రానివాళ్లు నాలాగా పంతొమ్మిదికే ఇంటికి పోయారేమో! పొడుగు వాళ్లందరూ బాస్కెట్‌బాల్ టీమ్‌లో కనిపిస్తే, బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగవుతారని అనలేం కదా. ఇద్దరు వేర్వేరు మనుషుల్ని పోలిస్తే ఈ చిక్కు తెగదు. ఒకే మనిషిని ముందూ వెనకా చూడాలి.

అందుకే నాకు అమెరికా బాక్సర్ థామస్ హెర్న్స్ కథ ఇష్టం. డెట్రాయిట్‌లో క్రాంక్ జిమ్ కుర్రాడు. అమెచ్యూర్‌గా 155 ఫైట్లు గెలిచాడు, ఎనిమిది ఓడాడు. అన్ని గెలుపుల్లో నాకౌట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అప్పట్లో అతన్ని చూసినవాళ్లకి అతనొక పొడుగాటి పాయింట్ల బాక్సర్, నన్ను మా కోచ్ అనుకున్నట్టే. (పోలిక కాళ్ల దగ్గరికే ఆగుతుంది, కంగారు పడకండి.) 1977లో ప్రొఫెషనల్ అయ్యే వేళకి ట్రైనర్ ఎమాన్యుయెల్ స్టీవర్డ్ అతని నిలబడే తీరు, బరువు వేసే తీరు మార్చాడు. తేలుతూ కొట్టేవాణ్ణి పాదం నాటి కొట్టేవాణ్ణి చేశాడు. ప్రొఫెషనల్‌గా మొదటి 17 ఫైట్లూ నాకౌట్లే. 1980లో పిపీనో కెవాస్‌ని రెండో రౌండ్‌లో పడగొట్టి ప్రపంచ టైటిల్ తీసుకున్నాడు. 1984లో రాబర్టో డురాన్ అంతటివాణ్ణి రెండో రౌండ్‌లోనే బోర్లా పడేశాడు. ఆ డురాన్ ఫైట్‌లో చివరి కుడిచేతి దెబ్బ చూసినవాళ్లెవరికైనా ఇతనికి పుట్టుకతోనే దెబ్బ ఉందనిపిస్తుంది. 163 అమెచ్యూర్ ఫైట్ల పాటు ఆ పుట్టుక ఎక్కడ దాక్కుంది?

హెర్న్స్ విషయంలో ఎదుటి పక్షం రెండు మాటలు అనొచ్చు. ప్రొఫెషనల్ గ్లోవ్స్ పల్చన, రౌండ్లు ఎక్కువ, తొలి ఫైట్లలో ప్రత్యర్థుల్ని ఏరి పెడతారు, కాబట్టి నాకౌట్లు ఎలాగూ పెరుగుతాయి. నిజమే. రెండోది, 67 కిలోల తూకంలో ఆరడుగుల ఒక అంగుళం మనిషి. అంత పొడుగాటి చెయ్యి చివర పిడికిలి తిరిగితే వచ్చే వేగం స్టీవర్డ్ ఇచ్చింది కాదు, తల్లిదండ్రులిచ్చింది. అదీ నిజమే.

సరే, ఎముకలు కూడా ఒకటే అయినవాళ్లని చూద్దాం. చార్లో సోదరులు, జెర్మాల్, జెర్మెల్. హ్యూస్టన్‌లో పెరిగిన ఒకే పోలిక కవలలు. చాలాకాలం ఒకే బరువులో, 70 కిలోల దగ్గర ఆడారు. జెర్మాల్‌కి చేతిలో దెబ్బ ఉంది, జెర్మెల్ బాక్సర్ అన్నది లోకం అభిప్రాయం. అంకెలు కూడా అలాగే ఉండేవి. 2016 మే నాటికి జెర్మెల్ ఆడిన 27 ఫైట్లూ గెలిచాడు గానీ నాకౌట్లు పన్నెండే. అప్పటికే అతను డాలస్‌లో డెరిక్ జేమ్స్ అనే ట్రైనర్ దగ్గరికి మారాడు. 2016 మేలో జాన్ జాక్సన్‌ని ఎనిమిదో రౌండ్‌లో ఆపాడు. 2017 ఏప్రిల్‌లో చార్లెస్ హాట్లీని ఆరో రౌండ్‌లో, అక్టోబర్‌లో ఎరిక్సన్ లూబిన్‌ని మొదటి రౌండ్‌లోనే. వరసగా మూడు, అదీ టైటిల్ ఫైట్ల స్థాయిలో. ప్రత్యర్థులు తేలికవాళ్లు అనడానికి లేదు.

ఇందులో నాకు భలే నచ్చిన కొసమెరుపు ఒకటుంది. ఆ జాన్ జాక్సన్ ఎవరనుకున్నారు? జూలియన్ జాక్సన్ కొడుకు. వర్జిన్ ఐలాండ్స్ నుంచి వచ్చిన జూలియన్ జాక్సన్ 55 గెలుపుల్లో 49 నాకౌట్లు చేసినవాడు. పుట్టుకతో వచ్చిన దెబ్బకి ఉదాహరణ చెప్పమంటే పాతవాళ్లు ముందు చెప్పే నాలుగు పేర్లలో ఆయనొకడు. ఆయన రక్తం పంచుకున్న కొడుకుని, దెబ్బ లేదనిపించుకున్నవాడు పడేశాడు. ఒక్క ఫైట్ దేన్నీ రుజువు చెయ్యదని నాకూ తెలుసు. అయినా ఆనందించే హక్కు నాకుంది.

మా ఆఫీసులో బాక్సింగ్ పిచ్చి ఉన్న మిత్రుడొకడున్నాడు. ఈ చార్లో కథ చెబితే వాడు వెంటనే పట్టుకున్నాడు: “అదేగా నేననేది. ఇద్దరికీ జీన్స్ ఒకటే కాబట్టి జెర్మెల్‌కి కూడా లోపల దెబ్బ ఉంది. కోచ్ బయటికి తీశాడంతే. లేనివాడికి ఎవడు తేగలడు?” రెండు రోజులు జవాబు దొరకలేదు. మూడో రోజు తట్టింది. సరే, లోపల ఉందనుకుందాం. కానీ 27 ఫైట్ల దాకా అది బయటికి కనబడలేదు. కళ్లెదుట అచ్చు తనలాంటి అన్నదమ్ముడు కొడుతున్నా కనబడలేదు. నేర్పితే తప్ప కనబడని వస్తువుని, నేర్పకముందే లేదని ఎలా చెబుతారు? పదహారేళ్ల కుర్రాణ్ణి చూసి ‘నీకు లేదు’ అనే కోచ్ కొలుస్తున్నది అతని పుట్టుకని కాదు. అప్పటిదాకా అతనికి ఎవరూ నేర్పని సంగతిని. చాలాసార్లు తను నేర్పని సంగతినే.

ఇప్పుడు ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుంటాను. హెవీవెయిట్ బాక్సర్ డియాంటే వైల్డర్. అలబామాలో టస్కలూసా మనిషి. ఇరవయ్యో ఏట బాక్సింగ్ మొదలుపెట్టి మూడేళ్లకి బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. ఆరడుగుల ఏడంగుళాలు, పిక్కలు చూస్తే జాలేస్తుంది. 2019 చివరికి 42 గెలుపులు, 41 నాకౌట్లు. 2018లో టైసన్ ఫ్యూరీతో ఆడినప్పుడు అతని బరువు 96 కిలోలు, ఫ్యూరీది 116. ఇరవై కిలోలు ఎక్కువున్నవాణ్ణి రెండుసార్లు కింద పడేశాడు. (ఫ్యూరీ రెండుసార్లూ లేచాడు, అది వేరే వ్యాసం.) వైల్డర్ ఆటలో మిగతావన్నీ ఎవరు చూసినా తప్పులు పట్టగలిగేవే. ఇంత ఆలస్యంగా వచ్చి, ఇంత తక్కువ నేర్చుకుని, ఇంత గట్టిగా కొట్టేవాణ్ణి శిక్షణతో వివరించడం నా వల్ల కాదు. కండరాల్లో వేగంగా బిగిసే తంతువుల పాళ్లు మనిషి మనిషికీ మారతాయి. ఆల్ఫా ఆక్టినిన్-3 అనే ప్రొటీన్‌ని తయారుచేసే జీన్ కొందరిలో పనిచెయ్యదు, మేటి స్ప్రింటర్లలో అలాంటివాళ్లు చాలా అరుదు. ఈ పంపకంలో అందరికీ సమానంగా రాలేదు. వైల్డర్‌కి పెద్ద వాటా వచ్చింది.

రెండో వైపు పాలీ మలినాజీ. న్యూయార్క్ వాడు, రెండు బరువుల్లో ప్రపంచ ఛాంపియన్. 36 గెలుపులు, 7 నాకౌట్లు. అంత తెలిసినవాడికి మడమ తిప్పడం తెలీదా? తెలుసు. కానీ అతని చేతి ఎముకలు మాటిమాటికీ దెబ్బతినేవి, ఆపరేషన్లు చేయించుకున్నాడు. పిడికిలి విరుగుతుందన్న భయం ఉన్నవాడు చివరి రెండంగుళాల్లో దెబ్బని తనకి తెలియకుండానే పట్టేస్తాడు. అతనికి పుట్టుకతో రానిది దెబ్బ కాదు, దెబ్బని మోసే ఎముక.

ఇంత ఒప్పుకున్నాక కూడా ఒక మాట మిగులుతుంది. గట్టిగా కొట్టడం, పడగొట్టడం ఒకటి కావు. అమెరికా హెవీవెయిట్ ఎర్నీ షేవర్స్ 74 గెలుపుల్లో 68 నాకౌట్లు చేశాడు. 1977లో ముహమ్మద్ అలీతో పదిహేను రౌండ్లు ఆడి ఓడిపోయాడు. 1979లో ల్యారీ హోమ్స్‌ని ఏడో రౌండ్‌లో భయంకరంగా పడేశాడు, హోమ్స్ లేచి పదకొండో రౌండ్‌లో గెలిచాడు. షేవర్స్‌కి ప్రపంచ టైటిల్ ఎప్పటికీ రాలేదు. చేతిలో అంత బరువున్నా దాన్ని సరైన వేళకి, సరైన చోటికి చేర్చడం అతనికి ప్రతిసారీ కుదరలేదు.

తల గిర్రున తిరిగి, పుర్రె లోపల మెదడు కుదుపుకి గురైతే మనిషి పడతాడు. గడ్డానికి తగిలితే అది చాంతాడు చివర చేద లాంటిది, చిన్న తోపుకే ఎక్కువ తిరుగుతుంది. దెబ్బ వస్తోందని కనబడితే మెడ కండరాలు బిగుస్తాయి, తల అంతగా తిరగదు. కనబడకపోతే బిగిసే టైమే ఉండదు. అందుకే చూడని దెబ్బే పడేస్తుందని బాక్సర్లు చెప్పుకుంటారు. దానికి ప్రత్యర్థి సాయం కూడా కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. జూలియన్ జాక్సన్ పేరు నిలబెట్టిన దెబ్బ కూడా అదే రకం. 1990లో స్పెయిన్‌లో హెరోల్ గ్రాహమ్ అతన్ని మూడు రౌండ్లు ఆడుకున్నాడు. జాక్సన్ కన్ను వాచి మూసుకుపోతోంది, ఇక ఫైట్ ఆపేసేలా ఉన్నారు. నాలుగో రౌండ్‌లో గ్రాహమ్ ముగించేద్దామని మీద మీదకి వచ్చాడు. జాక్సన్ తాళ్ల వైపు వెనక్కి జరుగుతూ ఒక్క కుడిచెయ్యి వదిలాడు. అందులో జాక్సన్ బరువెంతో, గ్రాహమ్ ఎదురొచ్చిన బరువూ అంత కలిసింది.

2012 డిసెంబర్‌లో మెక్సికో బాక్సర్ మార్కెస్, ఫిలిప్పీన్స్ బాక్సర్ పకియావో ఫైట్ మనలో చాలామంది చూసే ఉంటారు. అంతకు ముందు మూడుసార్లు తలపడ్డారు, 36 రౌండ్లు. వాటిలో మార్కెస్ ఒక్కసారి కూడా పకియావోని కింద పడెయ్యలేదు, తనే నాలుగుసార్లు పడ్డాడు. నాలుగో ఫైట్ ఆరో రౌండ్ చివరి సెకన్లలో పకియావో ముందుకి దూకాడు. ఆ దూకుడుకి ముందు అతను ఏం చేస్తాడో మార్కెస్ ఎనిమిదేళ్లుగా చదువుతున్నాడు. కుడిచెయ్యి అక్కడ సిద్ధంగా ఉంది. పకియావో ముఖం కింద పెట్టి కదలకుండా పడిపోయాడు. ఆ చేతిలో పుట్టుకతో వచ్చిందెంత, ఆ ఎనిమిదేళ్ల చదువు ఎంత?

జార్జ్ ఫోర్‌మన్ మాత్రం రెండు పక్షాలకీ సాక్షి. 1973లో కింగ్‌స్టన్‌లో అప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేసినప్పుడు అతను చెట్టు నరికినట్టు ఊపి ఊపి కొట్టాడు. ఆ దెబ్బ అతనితో పుట్టిందంటే ఒప్పుకుంటాను. మరుసటి ఏడాది కిన్షాసాలో అలీ ఆ ఊపులన్నీ తిని, అతన్ని అలసిపోనిచ్చి ఎనిమిదో రౌండ్‌లో పడేశాడు. పదేళ్లు ఆట మానేసి మళ్లీ వచ్చి, 1994 నవంబర్‌లో 45 ఏళ్ల వయసులో మైఖేల్ మూరర్‌ని పదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు, కిన్షాసాలో వేసుకున్న ఎర్ర నిక్కరే వేసుకుని. అప్పటికి జడ్జీల కార్డుల్లో వెనకబడి ఉన్నాడు. ఆ దెబ్బ మాత్రం చెట్టు నరికినట్టు లేదు. పొట్టిగా, తిన్నగా, గడ్డం మీదకి. ముసలితనం అతని చేత అనవసరమైనవన్నీ మానిపించింది.

మన దగ్గర ఈ మాట ఇంత బలంగా పాతుకుపోవడానికి ఇంకో కారణం ఉందని నా అనుమానం. 1992 బార్సిలోనా నుంచి 2012 లండన్ దాకా ఒలింపిక్స్‌లో కంప్యూటర్ స్కోరింగ్ నడిచింది. అందులో చాలాకాలం, ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒక్క సెకను లోపల బటన్ నొక్కితే ఒక పాయింట్. ప్రత్యర్థిని కింద పడేసినా, శుభ్రంగా ముట్టుకున్నా అదే ఒక్క పాయింట్. మన కోచ్‌లలో చాలామంది ఆ కాలంలోనే నేర్చుకున్నారు, ఆ కాలంలోనే నేర్పారు. అలాంటప్పుడు పాదం నాటి కొట్టడం ఎవరు నేర్పుతారు, ఎందుకు నేర్పుతారు? అది పుట్టుకతో ఉన్నవాడికి ఉంటుందిలే అని వదిలేయడం తేలిక. వాళ్లని తప్పు పట్టలేను, పతకాలు వచ్చింది ఆ దారిలోనే. నిజామాబాద్ నుంచి వచ్చి విశాఖ సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్లో రాటుదేలిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. కొత్త స్కోరింగ్ వచ్చాకే అయినా రెండు ఫైనల్స్‌లోనూ నాకౌట్‌తో పని పడలేదు, 5-0 పాయింట్లతో గెలిచింది. దెబ్బ లేకుండా గెలవలేరని నేను చెప్పడం లేదు. నేర్పకుండా లేదనొద్దు అంటున్నాను, అంతే.

మా బావమరిది దగ్గరికి వస్తాను. నుమాయిష్ అవమానం తర్వాత నేను హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గరున్న ఒక చిన్న జిమ్‌లో చేరాను. అక్కడి కోచ్ ఆర్మీలో బాక్సింగ్ ఆడి రిటైరైన పెద్దమనిషి. ఒక ఆదివారం బావమరిదిని కూడా తీసుకెళ్లాను. వాడు బ్యాగ్‌ని నాలుగు గుద్దగానే ఆయన వచ్చి నిలబడ్డాడు. ‘నేచురల్’ అంటాడేమోనని నేను పళ్లు బిగబట్టుకుని చూస్తున్నాను. ఆయన అడిగింది ఒక్కటే. “బౌలింగ్ వేస్తావా బాబూ?”

వేస్తాడు. పదో ఏట నుంచి టెన్నిస్ బాల్‌తో ఫాస్ట్ బౌలింగే. పెళ్లయ్యాక కూడా ఆదివారం పొద్దున్నే గ్రౌండ్‌కి పరిగెడతాడు, ఆ విషయంలో మా చెల్లెమ్మతో రోజూ గొడవే. వెనక కాలి నుంచి నడుముకి, నడుము నుంచి భుజానికి, భుజం నుంచి వేళ్లకి బలం ఒకదాని వెనక ఒకటి ఎలా పాకాలో వాడి ఒంటికి ఇరవై ఏళ్లుగా తెలుసు. బంతి బదులు పిడికిలి విసిరాడంతే. నేను పుట్టుక అనుకున్నది ఇరవై ఏళ్ల ఆదివారాలు. స్పారింగ్‌లో, అంటే ప్రాక్టీసు పోటీలో, దించితే మాత్రం రెండు నిమిషాల్లో ఒక్కటి కూడా నాకు తగల్లేదని ఇక్కడ రికార్డు కోసం రాస్తున్నాను.

నా సంగతి చూడ్డానికి కోచ్ ఫోన్ తీసి స్లో మోషన్‌లో వీడియో తీశాడు. చూపించి, “నీ చెయ్యి ముందు పోతోంది, కాలు తర్వాత బయల్దేరుతోంది. నువ్వు కొట్టేశాక నీ మడమ తిరుగుతోంది” అన్నాడు. నిజమే. గ్లోవ్ బ్యాగ్‌కి తగిలిన తర్వాత నా వెనక పాదం తీరిగ్గా తిరుగుతోంది, బస్సు వెళ్లిపోయాక స్టాండ్‌కి వచ్చినవాడిలా. అన్ని కదలికలూ ఉన్నాయి, వరసే తప్పు. ముట్టుకుని తప్పుకోవడం కోసం నేర్పిన కాళ్లు కదా, బరువు ఎప్పుడూ వెనక్కి పారిపోవడానికి సిద్ధంగా ఉండేది. విశాఖలో నాకు ఇది ఎవరూ చూపించలేదు. అప్పుడు ఫోన్లలో స్లో మోషన్ లేదు, నిజమే. కళ్లు ఉన్నాయి.

ఎనిమిది నెలలు ఒక్కటే పని. మెడిసిన్ బాల్‌ని పక్కకి తిరిగి గోడకేసి విసరడం, మడమ కింద సుద్దతో గీత గీసి దాన్ని చెరిపేలా తిప్పడం, ఖాళీ గాలిలో నెమ్మదిగా కొట్టడం. ముప్పై ఆరేళ్లవాడు ఇది చేస్తుంటే పక్కన పిల్లలు నవ్వుకున్నారు. ఒకరోజు సాయంత్రం ఏం మారిందో తెలీదు, బ్యాగ్ శబ్దం మారింది. అంతవరకు చప్‌మని మోగేది, ఆ రోజు ధబ్‌మంది. గొలుసు అదిరింది. కోచ్ ఫోన్ మాట్లాడుతూనే తల తిప్పి చూసి, మళ్లీ ఫోన్ మాట్లాడుకున్నాడు.

పోయిన జనవరిలో మళ్లీ నుమాయిష్‌కి వెళ్లాం. ఆ మెషిన్ల అంకెలకి అర్థం లేదని నాకు తెలుసు. బంతి ఎంత జోరుగా వెనక్కి లేచిందో చూస్తుంది తప్ప దెబ్బని కొలవదు, భుజంతో తోసినా అంకె పెరుగుతుంది. అయినా వంద రూపాయలు చిల్లర మార్చాను. నాకు 798 వచ్చింది. బావమరిది ఈసారి అడుగు వెనక్కి కూడా వెయ్యలేదు, 851. పాత తేడా 134, ఇప్పుడు 53. వాడి బౌలింగ్‌కి ఎంత, వాళ్ల నాన్నకి ఎంత అని ఆ 53ని పంచుదామని కాసేపు చూశాను గానీ వీలుపడలేదు.

“బావా, ఇంకోసారి కొడతావా?” అన్నాడు.

“చేతులు చల్లబడ్డాయిరా, ముందు బజ్జీలు తిందాం” అన్నాను. ఆ ఖర్చు కూడా నాదే.